మెదడు ధమనులు – పక్షవాతము

మన ప్రాంతమున ఒక పెద్దమనిషికి హఠాత్తుగా ఒక కాలు, ఒక చెయ్యి పడిపోయినచో తెలుగువారు దానిని పక్షవాతమందురు. ఉర్దూ మాట్లాడువారు ఫాలిజ్ అందురు. ఈ రెండు పదములు రెండు వేర్వేరు భాషల సంప్రదాయములనుండి వచ్చినవి. అయినను వీని భావము ఒక్కటియే. పక్షమనగా ఒక ప్రక్క. ఫాలిజ్ అను అరబీ పదమునకు మూలమైన ధాతువునకు రెండుగా చీల్చుట అని అర్థము. రెండు సంప్రదాయములకు చెందిన పూర్వవైద్యులును ఒకే విషయమును గమనించి ఈ పేర్లు పెట్టిరి. ఈ వ్యాధి శరీరమును నిలువునా రెండు భాగములుగా విభజించి, ఒక భాగమును మాత్రమే పట్టుకొనును.

ఇచ్చట కొన్ని ప్రశ్నలు పుట్టుచున్నవి. సగము శరీరమే ఎందుకు పడిపోవలెను? ఒకరికి చెయ్యితోపాటు మాట కూడ పోవును. మరొకరికి చెయ్యి పోయినను మాట నిలుచును. ఇంకొకరికి కాలుసేతులు బాగుగనే ఉండి, చూపులో సగము మాత్రము మాయమగును. ఒకే వ్యాధి ఇన్ని రూపములలో కనిపించుటకు కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము మెదడుకు రక్తమును కొనిపోవు ధమనుల నిర్మాణములో ఉన్నది. ఆ నిర్మాణమును మన విద్యార్థులకు సులభశైలిలో తెలియజేయుటయు, దానిని తెలిసికొనుట వలన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో ఒక ప్రాణము ఎట్లు నిలువగలదో చూపుటయు మా ఉద్దేశము.

మెదడు – రక్తము

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. ఇది శరీరపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే. కాని శరీరము వినియోగించు ప్రాణవాయువులో దాదాపు ఐదవ వంతు మెదడే తీసికొనును. గుండె నుండి బయలుదేరు రక్తములో నూటికి పదిహేను వంతులు దీనికే చేరును. లెక్కకు నిమిషమునకు ముప్పావు లీటరు రక్తమన్నమాట.

ఇంత ఖర్చు చేయు ఈ అవయవమునకు నిలువ చేసికొను అలవాటు లేదు. కాలేయము, కండరములు చక్కెరను దాచుకొనును; మెదడు దాచుకొనునది అత్యల్పము. ప్రతి క్షణము కావలసిన ప్రాణవాయువు, గ్లూకోజు ప్రతి క్షణము రక్తముతో రావలసినదే. మెదడు పదార్థము నూరు గ్రాములకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము అందుచుండును. ఇది 20 మిల్లీలీటర్ల ప్రాంతమునకు తగ్గినచో నాడీకణములు పని మానును. కాని బ్రతికియే ఉండును. 10 మిల్లీలీటర్లకన్న తగ్గినచో కొద్ది నిమిషములలో మరణించుట ప్రారంభించును. పని మాని బ్రతికియున్న కణములకును, మరణించిన కణములకును గల ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. పక్షవాత చికిత్స అంతయు ఈ భేదము మీదనే ఆధారపడియున్నది.

నాలుగు ధమనులు

మెదడుకు రక్తమును కొనిపోవు పెద్ద ధమనులు నాలుగు. రెండు మెడ ముందుభాగమున, రెండు వెనుకభాగమున పైకి పోవుచున్నవి.

ముందరివి కరోటిడ్ ధమనులు. గొంతుముడికి ప్రక్కన వ్రేలు ఆనించినచో కొట్టుకొనుచు తెలియునది ఇదియే. కరోటిడ్ అను పేరు మత్తు కలిగించుట అను అర్థము గల గ్రీకు పదమునుండి వచ్చినది. ఈ ధమనులను నొక్కినచో మనిషి తెలివి తప్పునని ప్రాచీనులు ఎరుగుదురు. ఎడమ కరోటిడ్ నేరుగా మహాధమని వంపునుండి బయలుదేరును. కుడిది మహాధమనినుండి పుట్టిన ఒక పొట్టి కొమ్మనుండి చీలును. గొంతుముడి ఎత్తునకు వచ్చుసరికి ఒక్కొక్కటి రెండుగా చీలును. బాహ్యశాఖ ముఖమునకు, తలచర్మమునకు పోవును. అంతఃశాఖ మెడలో ఒక్క కొమ్మయు వేయక, కపాలపు అడుగుననుండు ఎముకలోని సొరంగము ద్వారా కపాలములో ప్రవేశించును. లోపల ఇది వేయు ముఖ్యమైన మొదటి కొమ్మ కంటికి పోవు ధమని. ఆ పిమ్మట అగ్ర మస్తిష్క ధమనిగను, మధ్య మస్తిష్క ధమనిగను చీలిపోవును.

వెనుకవి వెర్టిబ్రల్ ధమనులు. ఇవి చేతులకు పోవు సబ్‌క్లావియన్ ధమనులనుండి పుట్టును. వీని మార్గము విచిత్రమైనది. మెడలోని ఆరవ వెన్నుపూస మొదలు మొదటి వెన్నుపూస వరకు, ప్రక్కలనుండు రంధ్రములగుండా పూసలలో దారమువలె దూరుచు పోయి, కపాలపు అడుగుననున్న మహావివరము ద్వారా లోపలికి చేరును. అచ్చట రెండును కలిసి ఒకే ధమని అగును. దానికి బేసిలార్ ధమని అని పేరు. మిర్యాలగూడకు సమీపమున వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో కలియుటను మన విద్యార్థులు చూచియుందురు. శరీరమందు ధమనులు కొమ్మలుగా చీలుటయే సాధారణము. ఇట్లు రెండు పెద్ద ధమనులు సంగమించుట అరుదు. బేసిలార్ ధమని మెదడుకాండమునకును, అనుమస్తిష్కమునకును కొమ్మలనిచ్చి, చివరకు రెండు పృష్ఠ మస్తిష్క ధమనులుగా విడిపోవును.

విల్లిస్ వలయము

ఈ ముందరి ధమనులును వెనుకటి ధమనులును మెదడు అడుగుభాగమున సన్నని సంధాన ధమనులచే కలుపబడియున్నవి. రెండు అగ్ర ధమనుల నడుమ ఒక సంధానము, ప్రక్కలయందు ముందువెనుకలను కలుపుచు రెండు సంధానములు కలవు. ఇవన్నియు చేరి ఒక వలయమేర్పడును. 1664లో ఆంగ్లవైద్యుడు థామస్ విల్లిస్ మెదడును గూర్చి వ్రాసిన గ్రంథమున దీని ప్రయోజనమును స్పష్టముగ వివరించుటచే ఇది విల్లిస్ వలయమని ప్రసిద్ధి చెందినది. ఆ గ్రంథమునకు చిత్రములు గీసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకరు. లండనులోని సెయింట్ పాల్ ఆలయమును నిర్మించిన వాస్తుశిల్పి ఆయనయే.

అంతకుముందు పదునాలుగు శతాబ్దములకు పైగా వైద్యులు వేరొక చిత్రమును నమ్మిరి. రెండవ శతాబ్దపు గ్రీకువైద్యుడు గేలెన్ ఎద్దుల వంటి పశువులను కోసి చూచి, మెదడు అడుగున ఒక అద్భుతమైన రక్తనాళముల వల కలదని వ్రాసెను. పశువులలో ఆ వల నిజముగనే ఉన్నది, మనుష్యులలో లేదు. యూరపులోను, అరబ్బు దేశములలోను పెద్ద పెద్ద వైద్యగ్రంథములు సైతము గేలెన్ మాటనే అనుసరించినవి. 1543లో వెసాలియస్ మానవశరీరమును స్వయముగా పరిశీలించి ఆ వల మనిషిలో లేదని చెప్పెను. 1658లో స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్, హఠాత్తుగా కూలి మరణించినవారి మెదళ్లను పరీక్షించి వానిలో రక్తస్రావమును చూచెను. ధమనులు మూసుకొనుట వలన కూడ ఈ ఆపద రాగలదని గ్రహించెను. గ్రంథములో వ్రాసియున్న దానికన్న కన్నులతో చూచినది ప్రమాణమని ఈ చరిత్ర మన విద్యార్థులకు బోధించుచున్నది.

విల్లిస్ తాను పరీక్షించిన ఒక మృతదేహములో కుడి కరోటిడ్ ధమని పూర్తిగ మూసుకొనియుండుట చూచెను. ఆ మనిషి వేరొక వ్యాధిచే మరణించెను గాని, బ్రతికినన్నాళ్లు అతనికి పక్షవాతము రాలేదు. అదే ప్రక్కనున్న వెర్టిబ్రల్ ధమని బాగుగ పెద్దదై ఆ లోటును తీర్చియుండెను. వలయము ఉపయోగమిదియే. ఒక దారి మెల్లమెల్లగ మూసుకొనినచో మరియొక దారినుండి రక్తము చేరును. అయితే ఈ వలయము అందరిలో ఒకే విధముగ ఉండదు. అన్ని భాగములును చక్కగా అమరిన వలయము సగముమంది కంటె తక్కువవారిలోనే కనిపించును. ఒకరిలో ఒక సంధానము వెంట్రుకవలె సన్నముగ నుండును. మరొకరిలో ఉండనే ఉండదు. ఒకే ధమని మూసుకొనినను ఒకరు చిన్న బలహీనతతో బయటపడుటకును, మరొకరు మంచము పట్టుటకును ఇది ఒక కారణము.

ఏ ధమనికి ఏ మాగాణి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ మన మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములకు నీరందించుచున్నది. ప్రధాన కాలువనుండి మేజరు కాలువలు, వానినుండి పిల్లకాలువలు చీలి, ఒక్కొక్క తూము క్రింద కొన్ని ఎకరములు సాగగును. ఏ తూము మూసినచో ఎవరి పొలము ఎండునో రైతు చెప్పగలడు. వైద్యుడును అట్లే. రోగి శరీరమున ఏ పని ఆగినదో చూచి, మెదడులో ఏ ధమని మూసుకొనినదో ఊహించును.

అగ్ర మస్తిష్క ధమని రెండు అర్ధగోళముల నడుమ లోపలి ప్రక్కను పోషించును. కాలును కదలించు కేంద్రము అచ్చటనున్నది. కనుక ఇది మూసుకొనినచో చేతికన్న కాలు ఎక్కువగ పడిపోవును.

మధ్య మస్తిష్క ధమని అన్నిటిలో పెద్దది. పక్షవాతములో ఎక్కువసార్లు దెబ్బతినునదియు ఇదియే. అర్ధగోళపు వెలుపలి ప్రక్క అంతయు దీని మాగాణి. ముఖము, చెయ్యి కదలించు కేంద్రములు అందులోనివే. అత్యధికులలో మాటకు సంబంధించిన కేంద్రములు ఎడమ అర్ధగోళమున ఈ ధమని క్రిందనే ఉన్నవి. ఫ్రెంచివైద్యుడు బ్రోకా 1861లో మాట పోయిన రోగి మెదడును పరీక్షించి మాటకు మెదడులో కేంద్రము కలదని లోకమునకు చాటెను.

పృష్ఠ మస్తిష్క ధమని చూపు కేంద్రమునకు రక్తమునిచ్చును. ఇది మూసుకొనినచో కన్నులు చక్కగనే ఉండును. కాని కుడిప్రక్కనో ఎడమప్రక్కనో దృశ్యములో సగము కనిపించదు. రోగి ద్వారబంధమునకు ఢీకొనును. కంచములో సగము అన్నము తిని తక్కినది చూడడు. ఇంటివారు దీనిని కంటిజబ్బని భ్రమపడుదురు.

బేసిలార్, వెర్టిబ్రల్ ధమనుల మాగాణి మెదడుకాండము, అనుమస్తిష్కము. ఇచ్చట అడ్డంకి కలిగినచో తల తిరుగుట, వాంతులు, ఒక వస్తువు రెండుగా కనిపించుట, మ్రింగుట కష్టమగుట, నడకలో తూలుట కలుగును. తూలుచున్న మనిషిని త్రాగియున్నాడని తలచి నిర్లక్ష్యము చేయరాదు. శ్వాసను, తెలివిని కాపాడు కేంద్రములు ఇచ్చటనే ఉండుటచే బేసిలార్ ధమని మూసుకొనుట ప్రాణాపాయము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మెదడునుండి కండరములకు ఆజ్ఞలు కొనిపోవు నాడీతంతువులలో అధికభాగము మజ్జాముఖపు అడుగున ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దాటును. అందుచే ఎడమ మెదడు కుడి శరీరమును, కుడి మెదడు ఎడమ శరీరమును ఏలుచున్నవి. ధమని ఒక ప్రక్కనే మూసుకొనును గనుక శరీరము ఎదుటి ప్రక్కనే పడిపోవును. ఈ తంతువులన్నియు క్రిందికి దిగునపుడు ఇంటర్నల్ క్యాప్సూల్ అను ఇరుకు దారిలో కట్టెలమోపువలె దగ్గరగ చేరును. అచ్చటికి పోవు ధమనులు మధ్య మస్తిష్క ధమనినుండి నిలువుగ చీలిన అతిసన్నని కొమ్మలు. అందుచే అచ్చట శనగగింజంత దెబ్బ తగిలినను ముఖము, చెయ్యి, కాలు మూడును ఒక్కసారి పోవచ్చును.

చరిత్రలో ఇద్దరు ప్రసిద్ధుల కథ ఈ సత్యమునకు నిదర్శనము. సోవియట్ నాయకుడు లెనిన్‌కు 1922లో మొదలైన వ్యాధివలన కుడిప్రక్క పడిపోయినది. 1923లో మాట కూడ పోయినది. 1924 జనవరి 21న తన 53వ యేట ఆయన మరణించిన పిమ్మట జరిగిన పరీక్షలో మెదడు ధమనులు, ముఖ్యముగా ఎడమ కరోటిడ్ ధమని, సున్నము పేరుకొని గట్టిపడియుండుట కనిపించినది. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌కు 1868లో 45వ యేట ఎడమప్రక్క పడిపోయినది. దెబ్బ కుడి మెదడుకు తగిలినది గనుక మాట, భావము నిలిచినవి. ఎడమచేయి పూర్తిగ కోలుకొనకున్నను ఆయన పరిశోధన మానలేదు. పిచ్చికుక్క కాటునకు టీకాను 1885లో మనిషికి మొదటిసారి వేసినది ఈ వ్యాధి వచ్చిన పదిహేడు సంవత్సరములకు. పక్షవాతముతో జీవితము ముగిసిపోదని ఆయన జీవితమే చెప్పుచున్నది.

మూసుకొనుట – చిట్లుట

పక్షవాతము రెండు విధములు. రమారమి నూటికి ఎనుబదిమందిలో ధమని మూసుకొనుటయే కారణము. తక్కినవారిలో ధమని చిట్లి రక్తస్రావమగును.

మూసుకొనుటకు మార్గములు మూడు. ధమని లోపలిగోడలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకై, దానిపై రక్తము గడ్డకట్టుట మొదటిది. పాశ్చాత్యులలో ఈ క్రొవ్వు మెడలోని కరోటిడ్ చీలికవద్ద ఎక్కువగ కనిపించును. మన హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో జరిగిన పరిశీలనలలో కపాలము లోపలి ధమనులు ఇరుకగుట మనవారిలో ఎక్కువని తేలినది. గుండెలో పుట్టిన గడ్డ కొట్టుకొనివచ్చి మెదడు ధమనిలో ఇరుక్కొనుట రెండవది. చిన్నతనమున కీళ్లజ్వరముచే గుండె కవాటములు చెడినవారికి, గుండె క్రమము తప్పి కొట్టుకొనువారికి యౌవనములోనే ఇట్లు జరుగవచ్చును. లోతులకు పోవు సన్నని కొమ్మల గోడలు అధిక రక్తపోటు, మధుమేహములచే దళసరియై పూడిపోవుట మూడవది.

మరియొక విశేషము కలదు. కాలువలో నీరు తగ్గినపుడు ముందుగా ఎండునవి చివరి భూములు. మెదడులోను రెండు పెద్ద ధమనుల మాగాణులు కలియు సరిహద్దులు ఇట్టి చివరి భూములే. విపరీతమైన వాంతులు విరేచనములచేగాని, రక్తము పోవుటచేగాని, రక్తపోటు ఒక్కసారి పడిపోయినచో ముందుగా ఆ సరిహద్దులే దెబ్బతినును. పక్షవాతము వచ్చిన వెంటనే ఇంటివారు తొందరపడి బి.పి. మాత్రలు మ్రింగించరాదనుటకు ఇది ఒక కారణము. సగము మూసుకొనిన దారిగుండా రక్తమును నెట్టుచున్నది ఆ ఒత్తిడియే కావచ్చును.

చిట్లుటకు ప్రధానకారణము అధిక రక్తపోటు. మెదడు ధమనుల గోడలు అదే పరిమాణముగల తక్కిన ధమనుల గోడలకన్న పలుచన. సన్నని కొమ్మలు పెద్ద ధమనినుండి నేరుగా చీలుటచే ఒత్తిడి అంతయు వానిపై పడును. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు చిరకాలము అధిక రక్తపోటుతో బాధపడి 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావముచే మరణించెను. అప్పటికి రక్తపోటును తగ్గించు సరియైన మందులు లేవు. నేడు అవి ప్రతి మందుల దుకాణమునను, ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములందును లభించుచున్నవి. అట్టి మందులు ఉండియు వాడకపోవుట మనకు తగదు. రెండవ రకము రక్తస్రావము విల్లిస్ వలయపు చీలికలవద్ద బుడగవలె ఉబ్బిన గోడ పగులుట. అట్టివారికి పుట్టి బుద్ధెరిగినప్పటినుండి ఎన్నడు లేనంత తలనొప్పి పిడుగుపడినట్లు ఒక్క క్షణమున వచ్చును.

పైకి చూచి మూసుకొనుటయో చిట్లుటయో వైద్యుడు సైతము నిశ్చయముగ చెప్పలేడు. 1971లో ఇంగ్లండున మొదటి రోగికి ఉపయోగింపబడిన సి.టి. స్కాను ఈ భేదమును నిమిషములలో తెలుపుచున్నది. రెండింటి చికిత్స పరస్పర విరుద్ధము. మొదటిదానికి గడ్డను కరిగించవలెను. రెండవదానికి రక్తమును ఆపవలెను. అందుచే స్కానుకు ముందు ఆస్పిరిన్ వంటి మాత్రను ఇంటివద్ద వేయుట ప్రమాదకరము.

గుర్తించు విధము

నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనిన చాలును: ముఖము, చెయ్యి, మాట, సమయము. నవ్వుమనినపుడు మూతి ఒక ప్రక్కకు పోవుచున్నదా? రెండు చేతులు ముందుకు చాచి పట్టుకొనుమనినపుడు ఒకటి క్రిందికి జారుచున్నదా? ఒక చిన్న వాక్యము పలుకుమనినపుడు మాట ముద్దగ వచ్చుచున్నదా? ఈ మూటిలో ఒకటి హఠాత్తుగా కనిపించినను వెంటనే సమయము గుర్తించవలెను. హఠాత్తుగా చూపు పోవుట, నడకలో తూలుట కూడ గుర్తులే.

కొన్నిసార్లు ఈ లక్షణములు కొద్ది నిమిషములలో వానంతట అవియే తగ్గిపోవును. ఒక కంటిముందు తెర దించినట్లు చీకటియై మరల చూపు వచ్చుట కరోటిడ్ ధమనిలోని దోషమునకు సూచన కావచ్చును; కంటి ధమని దాని కొమ్మయే గదా. తగ్గినది గదాయని ఊరకుండరాదు. పెద్ద దెబ్బకు ఇది ముందుగా వచ్చు హెచ్చరిక.

రెండు పొరపాట్లను గూర్చి చెప్పవలెను. మూతి వంకరపోవుటను ఉర్దూలో లఖ్వా అందురు. ముఖపు నాడి మాత్రమే చెడినచో నుదురు కూడ ముడుతపడదు, కన్ను మూతపడదు. మెదడులో దెబ్బయైనచో సాధారణముగ నుదురు కదలును. అయినను దీనిని వైద్యుడే నిర్ణయించవలెను. రెండవది, పూర్వపు నల్లగొండ జిల్లాకు ఫ్లోరోసిస్ బాధ చిరపరిచితము. అందులో వెన్నెముక పెరిగి వెన్నుపామును నొక్కుటచే రెండు కాళ్లును సంవత్సరముల తరబడి మెల్లగ బిగుసుకొనును. పక్షవాతము అట్లు గాక ఒక ప్రక్క, ఒక్కసారిగ వచ్చును. మన పల్లెలలో ఈ భేదము తెలియుట అవసరము.

కాలపు లెక్క

ఒక పెద్ద ధమని మూసుకొనినచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని శాస్త్రజ్ఞులు 2006లో లెక్కకట్టిరి. గడ్డను కరిగించు మందు పనిచేయునని 1995లో అమెరికాలో జరిగిన పరీక్షలో తేలినది. నేడు ఆ మందును లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇచ్చుచున్నారు. పెద్ద ధమనిలోని గడ్డను సన్నని గొట్టముద్వారా తీసివేయు పద్ధతి 2015లో స్థిరపడినది; ఎంపిక చేసిన కొందరిలో 24 గంటల వరకు కూడ ఇది సాధ్యము. అయితే ఏ పద్ధతియైనను ఎంత త్వరగా జరిగిన అంత మేలు.

మన పట్టణములకు ఈ లెక్కను వర్తింపజేసి చూతము. సూర్యాపేట హైదరాబాదునకును, విజయవాడకును రమారమి సరిసమాన దూరమున, రాజమార్గముపై ఉన్నది. మిర్యాలగూడకు హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. కోదాడకు ఖమ్మము, విజయవాడలు దగ్గర. నాలుగున్నర గంటలనగా 270 నిమిషములు. ప్రయాణమునకు, నగరపు రద్దీకి కలిపి 180 నిమిషములు తీసివేయుడు. వైద్యశాలలో పరీక్ష, స్కాను, రక్తపరీక్షలకు 60 నిమిషములు తీసివేయుడు. మిగులునది 30 నిమిషములు. ఆ ముప్పది నిమిషములలోనే వ్యాధిని గుర్తించి, బంధువులకు కబురుచేసి, వాహనమెక్కవలెను. ముందు నాటుమందు చూతమని, పావురము నెత్తురు పూయుదమని, తెల్లవారిన తరువాత బయలుదేరుదమని ఒక గంట పోగొట్టినచో ఆ మందు అందకుండ పోవును. పేదరికముకన్న, దూరముకన్న ఈ ఆలస్యమే మనవారి చేతులు కాళ్లు తీసివేయుచున్నది.

అందుచే ఆపద రాకముందే ఒక విషయము విచారించి ఉంచుకొనవలెను. మనకు దగ్గరలో రాత్రింబగళ్లు సి.టి. స్కాను, గడ్డ కరిగించు మందు ఉన్న వైద్యశాల ఏది? సూర్యాపేటలోను, నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. దగ్గరలో మందు ఇచ్చు వసతి ఉన్నచో పైన వేసిన లెక్క అంతయు మారిపోవును. 2005లో ప్రారంభమైన 108 వాహనమును పిలుచునపుడు పక్షవాత లక్షణములని స్పష్టముగ చెప్పవలెను. రోగిని చివరిసారి ఆరోగ్యముగ చూచిన సమయమును కాగితముపై వ్రాసి వెంట కొనిపోవలెను. నిద్రలేచుసరికి లక్షణములున్నచో, పండుకొనిన సమయమే లెక్కకు వచ్చును. నీరుగాని, మందుగాని, ఆహారముగాని నోట పోయరాదు. మ్రింగు శక్తి లేనివానికి అది ఊపిరితిత్తులలో పడును. తెలివి లేనివానిని ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. చక్కెరవ్యాధికి మందు వాడువారిలో రక్తమున చక్కెర తగ్గినను ఇట్టి లక్షణములే కనిపించవచ్చును గనుక ఆ వ్యాధి సంగతి వాహనములో వచ్చినవారికి తప్పక చెప్పవలెను.

రాకుండ కాపాడుకొనుట

25 సంవత్సరములు దాటినవారిలో నలుగురికి ఒకరు తమ జీవితకాలమున పక్షవాతమునకు గురి కాగలరని 2018లో ప్రకటింపబడిన ప్రపంచవ్యాప్త అంచనా. మన దేశమున పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు కలదని వైద్యపరిశోధనా మండలి అధ్యయనము 2023లో తెలిపినది. రక్తపోటుకు నొప్పి లేదు, కొలిచిననే తెలియును. 140, 90 అంకెలు దాటినచో వైద్యుని సలహా కావలెను. తగ్గినదని మాత్రలు మానివేయుట మన ఇండ్లలో సర్వసాధారణమైన తప్పు. తగ్గియుండుట ఆ మాత్రల వలననే అని గ్రహింపవలెను. దినమునకు ఉప్పు ఐదు గ్రాములలోపల ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. పచ్చడి, అప్పడము, ఊరమిరపకాయ కలిసిన మన భోజనములో ఆ హద్దు ఒక్క పూటలో దాటును. బీడి, చుట్ట, సిగరెట్టు ధమనిగోడకు నేరుగా చేయు హాని.

విద్యార్థులారా! మీరు ఇంటికి పోయినపుడు మీ తల్లిదండ్రులకు, తాతకు, నానీకి రక్తపోటు ఎన్నడు కొలిపించిరో అడుగుడు. ముఖము, చెయ్యి, మాట, సమయము అను నాలుగు మాటలను తెలుగులోను, ఉర్దూలోను వారికి నేర్పుడు. ఉర్దూ మాధ్యమముతో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును, 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీని నెలకొల్పిన పెద్దల ఆశయము శాస్త్రము ప్రజల భాషలో ప్రజలకు చేరవలెననియే. షిర్యాన్ అన్నను, ధమని అన్నను, లోపల ప్రవహించు రక్తమొక్కటియే.

కళాశాల కార్యవర్గమువారికి మాదొక విన్నపము. అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినము. ప్రతి సంవత్సరము ఆ దినమున కళాశాల ఆవరణలో విద్యార్థుల కుటుంబములకును, ఇరుగుపొరుగు వారికిని రక్తపోటు, చక్కెర పరీక్షలు జరిపించవలెనని కోరుచున్నాము. దగ్గరలోని ఏ వైద్యశాలలో ఏ వసతి కలదో విచారించి రెండు భాషలలో ఒక పలక వ్రాయించి కళాశాల ద్వారమువద్ద నుంచవలెను. దీనికగు వ్యయము స్వల్పము. ఆ పలకను చదివిన ఒక్క విద్యార్థి తన ఇంటిలో ఒక్క గంట ముందుగా మేల్కొనినచో, ఒక తండ్రి తన చేతితో తాను అన్నము తినును; ఒక తల్లి తన బిడ్డను పేరుపెట్టి పిలుచును.